చెద ముట్టని కొయ్య

ఆయన్ని అందరూ గ్యారంటీ మేస్త్రి అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, పిలిచేవాళ్లు లేక అదెప్పుడో మూలపడింది. వడ్రంగి పనిలో చెయ్యి తిరిగినవాడు. నోరు అంతకు రెండింతలు తిరిగినవాడు. కుర్చీ చేసినా, కిటికీ బిగించినా, ఊడిపోయిన గరిటెకు పిడి వేసినా సరే, సరుకు అప్పజెప్పేటప్పుడు దాని మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి, "గ్యారంటీ! దీనికి చెద పడితే నా చెయ్యి నరుక్కుంటా" అనేవాడు. అదే దుకాణంలో పాలిష్ పని చేసే బామ్మర్ది చేతిలో గుడ్డ పక్కన పడేసి వెంటనే అందుకునేవాడు.

"ఎంతమందికి తాకట్టు పెడతావు బావా? ఉన్నవి రెండు చేతులేగా!"

అందరూ నవ్వేవాళ్లు. మేస్త్రీ నవ్వేవాడు. ఎందుకు నవ్వడు? చెద పట్టిందని సరుకు వెనక్కి తెచ్చినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

ఆ ధీమా గాలిలోంచి ఊడిపడింది కాదు. దుకాణం వెనక గోడ అవతల ఖాళీ స్థలంలో ఒక చెదపుట్ట ఉండేది. కొత్తరకం కొయ్య ఏది వచ్చినా జానెడు ముక్క కోసి ఆ పుట్ట పక్కన పాతిపెట్టి, ఒక వానాకాలం దాని జోలికి పోకుండా వదిలెయ్యాలి. వానలు వెలిశాక తవ్వి తీస్తే సంగతి తేలిపోతుంది. చేవ లేని కొయ్యయితే చేతిలో బూడిదలా రాలుతుంది. చేవ ఉన్నదైతే పైపైన నాలుగు గాట్లు పడి ఊరుకుంటుంది. ఇది ఆయనకు పని నేర్పిన పెద్ద మేస్త్రి పద్ధతి. "కొయ్య అమ్మేవాడు అబద్ధమాడతాడు, కొనేవాడు అబద్ధమాడతాడు. చెద ఆడదురా" అనేవాడట ఆ పెద్దాయన. మన మేస్త్రికి ఆ మాట ఎముకల్లో ఇంకిపోయింది. కట్టుకున్న పెళ్లాం మాటైనా కాదంటాడేమో గానీ, పుట్ట తీర్పు కాదనడు.

ఇక ఆ కొయ్య సంగతి. రైలుగేటు దాటాక, రోడ్డుకి కుడిపక్క ఒక పురుగుమందుల గోదాము ఉండేది. పెద్ద పెద్ద డ్రమ్ములు, డబ్బాలు, గోతాలు. డ్రమ్ములు కారేవి, గోతాలు చిరిగేవి, ఒలికిన మందు మీద ఇంత రంపపు పొట్టు చల్లి ఊడ్చేవాళ్లు. తర్వాత ఆ మందుల్లో చాలావాటిని అమ్మకూడదన్నారు. గోదాము మూతపడింది. కొన్నాళ్లు తాళం వేలాడి, ఆఖరికి కూల్చేశారు. కూల్చేచోట పాత కొయ్య దొరుకుతుందంటే మేస్త్రికి కాలు నిలవదు కదా, పరుగెత్తాడు. చూస్తే ఏముంది! నేలకు పరిచిన పలకలు, నాలుగు వేళ్ల మందం, నల్లగా నిగనిగలాడుతున్నాయి. గూటంతో కొడితే ఖంగుమన్నాయి. ఇన్నేళ్లు నేలను అంటిపెట్టుకుని ఉన్న కొయ్యలో ఒక్క పురుగు బెజ్జం లేదు. లారీ మాట్లాడుకుని మొత్తం ఇంటికి తోలుకొచ్చాడు.

అప్పుడు ఆయన భార్య నెలల పిల్లని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమిటయ్యా ఈ కంపు? మందు వాసనేస్తోంది."

"పాత కొయ్య అన్నాక వాసనెయ్యదా? చిత్రిక పడితే అదే పోతుంది. నీకు వంట తెలుసు, నాకు కొయ్య తెలుసు. ఎవరి పని వాళ్లం చూసుకుందాం."

నిజంగానే పోయింది. ఎండాకాలమంతా ఆరబెట్టి, పైపొర చిత్రిక పట్టేసరికి లోపల తేనెరంగు తేలింది. వాసన ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. పైనున్నది పోయాక లోపల ఇంకేముంటుంది అనుకున్నాడు. ఎవరైనా అదే అనుకుంటారు లెండి. నోటినిండా పొట్టు, కనురెప్పల మీద పొట్టు, ఆ చేతులతోనే బువ్వ తిన్నాడు, ఆ చేతులతోనే కూతుర్ని ఎత్తుకున్నాడు.

పుట్ట పరీక్ష మాత్రం మానలేదు. ఆ వానాకాలం వెలిశాక ముక్క తవ్వి తీశాడు. ఒక్క గాటు లేదు! పెట్టింది పెట్టినట్టే ఉంది. అంతకంటే విడ్డూరం, ఆ పక్కనున్న పుట్టంతా ఖాళీ. చెదలు ముక్కను తినకపోగా, ఇల్లూ వాకిలీ వదిలేసి అవతలి వైపుకి మకాం మార్చేశాయి. మేస్త్రి ఆ ముక్క పట్టుకుని వీధంతా తిరిగాడు. "చూశారా, దీన్ని చూసి చెదలే పారిపోయాయి!" అని కనబడినవాళ్లకల్లా చూపించాడు. ఏం చెప్పమంటారు! తినేవాడు పళ్లెం ముందునుంచి లేచి పారిపోతే, వంట మరీ గట్టిగా ఉందని ఎవరైనా మురిసిపోతారా? కానీ వడ్రంగి బుర్రకు అలా తోచదు. చెద ముట్టని కొయ్య మంచి కొయ్య, అంతే. ఆ లెక్కకు రెండో వైపు ఉంటుందని ఆ పనిలో ఉన్నవాడెవడికీ తట్టలేదు.

ఆ కొయ్యతో మొట్టమొదట చేసింది కూతురికి మంచం. దాన్ని సాగుడు మంచం అనేవాళ్లు. కాళ్లవైపు పలక గాడిలో జరిగేలా పెట్టాడు. పిల్ల ఎదిగేకొద్దీ పలక వెనక్కి జరిపి మధ్యలో ఇంకో చెక్క చేర్చేవాడు. చుట్టూ పిల్ల పడిపోకుండా కొయ్య కమ్మీ. పిల్లకి పళ్లొచ్చే రోజుల్లో ఆ కమ్మీ పట్టుకుని నిలబడి కసిగా కొరికేది. పంటిగాట్లు పడ్డాయి. వాటి మీద పాలిష్ వెయ్యబోతే మేస్త్రి బామ్మర్దిని కసిరాడు.

"ముట్టుకోకు. అది నా కూతురు పెట్టిన మొదటి సంతకం."

మిగిలిన కొయ్య బల్లలైంది, బెంచీలైంది, అలమారులైంది, కూరలు తరిగే పీటలైంది. చుట్టుపక్కల వీధుల్లో మేస్త్రి చేతి సామాను లేని ఇల్లు తక్కువ. ఇంట్లో పంచదార డబ్బా మూత తీసి వదిలేసినా చీమ వచ్చేది కాదు. "మా ఇంట్లో చీమకైనా గతి లేదు" అని భార్య నవ్వేది. దుకాణంలో ఎలుకలకని పిల్లిని తెచ్చి పెంచితే అది పొట్టులో పొర్లి, ఒళ్లంతా నాక్కుని, కొన్నాళ్లకి వణుకుతూ చచ్చిపోయేది. మళ్లీ తెస్తే మళ్లీ అంతే. "నీ దుకాణం పిల్లులకి అచ్చిరాదు బావా" అని బామ్మర్ది తేల్చేశాడు. కూతురి తర్వాత భార్యకు రెండుసార్లు కడుపు పోయింది. దాన్ని ఎవరూ దేనికీ ముడిపెట్టలేదు. ఆమె కొన్నాళ్లు ఏడ్చి, ఉన్న ఒక్కదాన్నే కళ్లలో పెట్టుకుని పెంచుకుంది.

ఆ ఒక్కతే పెద్దదైంది. మిషను కుట్టడం నేర్చుకుంది. లారీ నడిపే కుర్రాణ్ణి చేసుకుంది. అతను నెలలో సగం రోజులు రోడ్డుమీదే ఉంటాడు కాబట్టి, దుకాణం పైనున్న రెండు గదుల్లోనే కాపురం. మొన్నమొన్ననే కొడుకు పుట్టాడు. తాతగారి హడావిడి చూడాలి! విప్పి దాచిన సాగుడు మంచాన్ని దించి, పలక ముందుకు జరిపి, మళ్లీ చంటిపిల్లల మంచం చేసేశాడు. మనవడు అందులో వెల్లకిలా పడుకుని కాళ్లు తన్నేవాడు. ఇంకా పళ్లు రాలేదు గానీ, బోర్లా పడ్డప్పుడల్లా కమ్మీని చిగుళ్లతో చప్పరించేవాడు. "అమ్మ సంతకం పక్కన వీడి సంతకం కూడా పడాలి" అని మేస్త్రి కూర్చుని ఎదురుచూసేవాడు.

అదిగో, ఆ రోజుల్లోనే గోదాము ఉన్న స్థలంలో బడి కడతామన్నారు. కట్టేముందు మట్టి పరీక్ష చెయ్యాలట. ముఖానికి తొడుగులు, చేతులకు తొడుగులు వేసుకుని నలుగురు దిగారు. వాళ్లకు పెద్ద ఒకావిడ, కళ్లద్దాలు పెట్టుకుని, ముప్ఫై దాటని మనిషి. మేస్త్రి బామ్మర్ది ఆవిడకు అప్పటికప్పుడే మట్టి డాక్టరమ్మ అని పేరు పెట్టేశాడు. బావా బామ్మర్దులిద్దరూ తమాషా చూడ్డానికి వెళ్లి చుట్టూ కట్టిన తాడు బయట నిలబడ్డారు.

"ఏం తల్లీ, నిధి ఏమన్నా దొరికిందా?" అన్నాడు మేస్త్రి.

"దొరక్కూడనిది దొరికిందండీ. గోదాము నాటి మందు ఇంకా మట్టిలోనే ఉంది."

"భలేదానివే! గోదాము పోయి ఎన్నేళ్లయింది! ఎన్ని వానలు కురిశాయి, ఎంత ఎండ కాసింది!"

"వానకి కరగదు, ఎండకి విరగదు. కొన్ని మందులు అంతేనండీ. మనుషులకంటే ఎక్కువకాలం ఉంటాయి."

"మందు సంగతి నాకు తెలీదు గానీ తల్లీ, ఆ గోదాము కొయ్య ఉంది చూశావూ, బంగారం! నేలకి పరిచిన పలకలన్నీ నేనే కొన్నా. మా ఇంట్లో సగం సామాను దాంతో చేసిందే. ఈ రోజుకీ చెద ముట్టలేదు. గ్యారంటీ!"

ఆవిడ రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. "డ్రమ్ములు పెట్టే నేలా?" అని అడిగింది.

"ఆఁ, ఆ నేలే."

"చిన్న ముక్క ఇస్తారా?"

అడిగిందే చాలు. మేస్త్రి ఇంటికి పరుగున వెళ్లి మూలన మిగిలిన పలకలోంచి ఒక ముక్క కోసి, నున్నగా చిత్రిక పట్టి, బామ్మర్ది చేత పాలిష్ కూడా పట్టించబోయాడు. టైము లేదని ఆవిడ ముందే చెప్పింది కాబట్టి ఊరుకున్నాడు. ఆవిడ ముక్కను తొడుగు వేసుకున్న రెండు వేళ్లతో పట్టుకుని సంచిలో వేసి మూతి బిగించింది. "చూశావా, మాసిపోతుందని ఎంత జాగ్రత్త పడుతోందో" అన్నాడు మేస్త్రి, బామ్మర్ది చెవిలో.

కొన్ని వారాల తర్వాత మట్టి డాక్టరమ్మ తనే దుకాణానికి వచ్చింది. మేస్త్రి బెంచీ తుడిచి కూర్చోమన్నాడు. ఆవిడ బెంచీ వైపు చూసి, పరవాలేదండీ, నిలబడతానంది. తర్వాత మెల్లగా చెప్పింది. మట్టిలో ఉన్నదే చెక్కలోనూ ఉంది. పైన కాదు, లోపలంతా ఉంది. ఇన్నేళ్లుగా కొంచెం కొంచెంగా గాలిలోకి వస్తూనే ఉంది, ముట్టుకుంటే చేతికి అంటుతూనే ఉంది, కోసినప్పుడల్లా పొట్టుతో పాటు లోపలికి పోతూనే ఉంది.

మేస్త్రి తను తుడిచిన బెంచీ వైపు చూశాడు.  బామ్మర్ది చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"అయితే చెదలు ముట్టంది..." అన్నాడు ఆఖరికి.

"మందు వల్లేనండీ. కొయ్య మామూలు కొయ్యే."

"మరి పుట్ట..." అని ఏదో అనబోయి ఆపేశాడు. తన గురువు మాట, తన మాట, ఇన్నాళ్లూ అరచేత్తో చరిచి చెప్పిన ప్రతి మాటా కళ్లముందే పొట్టుపొట్టయిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. చెదలు నిజమే చెప్పాయి. వినేవాడికే తలకెక్కలేదు.

"పోనీ, మొత్తం తగలబెట్టేస్తా" అన్నాడు.

"అయ్యో, తగలబెట్టకండి. పొగలో అంతకంటే పాడు విషం వస్తుంది."

"పాతిపెడతా."

"మట్టిలోకి దిగుతుంది. అక్కణ్ణుంచి నీళ్లలోకి."

"మరేం చెయ్యను తల్లీ? నమిలి మింగనా?"

ఆవిడ తల దించుకుంది. వీటిని కాల్చడానికే కట్టిన పెద్ద కొలుములు వేరే ఉంటాయట, చాలా దూరంలో. ఒక్కొక్క మనిషి దగ్గర్నుంచి వాళ్లు తీసుకోరట. తను పైవాళ్లకు రాస్తానంది. అప్పటిదాకా దళసరి ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, పిల్లలు పోని చోట పెట్టమంది.

"అప్పటిదాకా అంటే ఎప్పటిదాకా?"

"చెప్పలేనండీ" అంది ఆవిడ. అబద్ధం చెప్పి ఓదార్చే రకం కాదు, అదొక్కటి మెచ్చుకోవాలి.

ఆవిడ వెళ్లీ వెళ్లకముందే మేస్త్రి పైకి పరుగెత్తాడు. మనవడు మంచంలో నిద్రపోతున్నాడు. వాణ్ణి రెండు చేతులా ఎత్తబోయి, చేతులకున్న పొట్టు చూసుకుని ఆగిపోయాడు. "అమ్మాయ్, వీణ్ణి ముందు అందులోంచి తియ్యి, తర్వాత చెబుతా" అన్నాడు. గొంతు విని కూతురు మిషను ఆపి లేచింది. నాన్న చెప్పినదంతా నిలబడి విన్నది. నిద్రలేచి ఏడుస్తున్న కొడుకుని భుజాన వేసుకుని తట్టుతూ, ఆ మంచాన్నే చూస్తూ ఉండిపోయింది.

"నేను చిన్నప్పట్నుంచీ దీంట్లోనేగా నాన్నా పడుకున్నది" అంది.

మేస్త్రి అప్పటిదాకా మనవడి గురించే ఆలోచించాడు. 

మర్నాటినుంచి తోపుడుబండి వేసుకుని ఇంటింటికీ బయల్దేరాడు. ఇచ్చినప్పుడు అంత గొంతేసుకుని ఇచ్చినవాడు, వెనక్కి అడగడానికి నోరు పెగల్చుకోలేకపోయాడు. కొందరు నిమిషం ఆలోచించకుండా సామాను బయట పడేసి తలుపేసుకున్నారు. కొందరు నవ్వారు. రిటైరైన పంతులుగారు తన బల్లను రెండు చేతులా పట్టుకుని కదలనివ్వలేదు.

"ఇన్నేళ్లుగా దీనిమీదే భోంచేస్తున్నానయ్యా. చచ్చానా? కొత్తది అంటగట్టడానికి ఇదో ఎత్తా?"

"ఊరికే చేసిస్తా పంతులుగారూ, వేరే కొయ్యతో."

"నాకిదే కావాలి. చెద పట్టదని నువ్వే చెప్పావు!"

మేస్త్రి బండి ముందుకు తోసుకున్నాడు. చెప్పింది తనే. ఒకింట్లో విరిగిన పీటను ఎప్పుడో నీళ్లపొయ్యిలో పెట్టేశామన్నారు. ఇంకొకరు అలమారు అమ్మేశారు, ఎవరికో గుర్తులేదు. టీకొట్టు ఆవిడ బెంచీ బండిమీదకి తనే ఎత్తించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"మేస్త్రీ, మా ఆయన రోజంతా ఈ బెంచీమీదే కదా కూర్చునేవాడు. ఆయనకి చేతులు వణికేవి గుర్తుందా? గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. ఇందువల్లేనంటావా?"

"తెలీదమ్మా."

"ఎవరికి తెలుస్తుంది?"

మేస్త్రి మట్టి డాక్టరమ్మని అడిగాడు. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, ఒక్క మనిషి విషయంలో తేల్చి చెప్పడం కుదరదంది. భార్య కూడా ఒకరోజు గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా, "పోయిన నా ఇద్దరు పిల్లలు కూడానా?" అంది. దానికీ అదే జవాబు. అవునని తేలితే గోడకేసి తల బాదుకోవచ్చు, కాదని తేలితే ఊపిరి పీల్చుకోవచ్చు. ఈ రెండూ కాకుండా మధ్యలో వేలాడదీస్తే మనిషి ఎలా బతుకుతాడు?

తెచ్చిన సామానంతా దుకాణం వెనక రేకులషెడ్డులో పట్టాలు చుట్టి పేర్చాడు. ఒక ఆఫీసు వాళ్లు ఇది మా పని కాదన్నారు. వాళ్లు చూపించిన ఇంకో ఆఫీసు వాళ్లు, కాదు, అది మొదటివాళ్ల పనే అన్నారు. మట్టి డాక్టరమ్మ రాస్తూనే ఉంది. గోదాము స్థలానికి కంచె వేశారు, బడి ఇంకెక్కడో కడతామన్నారు. మట్టికైతే కంచె వేశారు. షెడ్డుకి మేస్త్రి తాళం వేశాడు. ఆయన ఇంక గ్యారంటీ అనడం మానేశాడు. బామ్మర్ది కూడా వెక్కిరించడం మానేశాడు, అదే ఎక్కువ బాధనిపించింది.

ఒక్కటే ఆశ మిగిలింది, మనవడు. మంచంలో ఉన్నది కొన్ని నెలలే కదా. మంచం పోయింది. గదులు కడిగారు, మిషను బల్ల మార్చారు, గోడలకు సున్నం వేశారు. వాడి ఒంట్లోకి చేరింది ఉంటే కొంచెమే ఉంటుంది, పెరిగేవాడు, తట్టుకుంటాడు. రోజూ పొద్దున పైకి వెళ్లి, చేతులు మోచేతులదాకా కడుక్కుని, వాణ్ణి ఎత్తుకుని బరువు చూసేవాడు. "నిన్నటికంటే బరువొచ్చాడు" అనేవాడు. రోజూ అదే మాట. పాలు తాగి బూరెల్లా ఉబ్బిన బుగ్గలు, ముంజేతుల మీద మడతలు. ఆ మడతలు చూసినప్పుడల్లా మేస్త్రి ప్రాణం కాస్త కుదుటపడేది.

కూతురు మాత్రం ఊరుకోలేదు. తండ్రిలాగే ఏదైనా తేల్చుకునే దాకా నిద్రపట్టని మనిషి. మట్టి డాక్టరమ్మ షెడ్డు చూడ్డానికి వచ్చినప్పుడు పైకి పిలిచి, తన ఒంట్లో ఎంత ఉందో తెలుసుకోవచ్చా అని అడిగింది. పాలల్లో చూస్తే తెలుస్తుందని ఆవిడ చెప్పింది. కూతురు చిన్న సీసాలో తన పాలు పట్టి ఇచ్చింది. ఇంట్లో ఎవరితోనూ అనలేదు. ఫలితం చెప్పడానికి ఆవిడ వచ్చిన మధ్యాహ్నం, మేస్త్రి మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని చప్పట్లు కొట్టిస్తున్నాడు. భార్య తలుపు దగ్గర బట్టలు మడతపెడుతోంది.

"ఉందండీ. అందరి ఒంట్లోనూ ఎంతో కొంత ఉంటుంది. మీలో ఎక్కువే ఉంది" అంది ఆవిడ కూతురితో. "పిల్లల డాక్టర్లతో మాట్లాడే వచ్చాను. పాలు మాన్పించొద్దన్నారు. తల్లిపాల వల్ల వచ్చే మేలు, దీనివల్ల వచ్చే కీడుకంటే పెద్దదన్నారు. నేనూ అదే చెబుతున్నా, మాన్పించకండి."

"అంటే పాలల్లో ఉంది."

"ఉంది."

"వాడికి పోతోంది."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "పోతోంది" అంది.

 మేస్త్రి ఒళ్లో పిల్లాడు చప్పట్లు ఆగిపోయాయేమిటని తాత చేతులు లాగుతున్నాడు.

"నాలోంచి ఇది ఎప్పటికన్నా పోతుందా డాక్టరుగారూ?"

"పోతుందండీ, చాలా నెమ్మదిగా. ఒళ్లు దాన్ని కొవ్వులో దాచేసుకుంటుంది, కొవ్వు బయటికి పోతేనే దానితోపాటు అదీ పోతుంది. సగం తగ్గడానికే ఏళ్లు పడుతుంది."

"ఏ మందూ లేదా? త్వరగా పోయే దారేదీ లేదా?"

 చెప్పకూడదనే అనుకుంది ఆవిడ, చూస్తే తెలుస్తోంది. కానీ చూపు దాని దారిన అదే వెళ్లి పిల్లాడి మీద వాలింది. కూతురు ఆ చూపు వెంటే చూసింది. ఆమెకు విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆవిడ సెలవు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. మేస్త్రి తన అరచేతులు చూసుకున్నాడు. తన చేత్తో కొయ్య తెచ్చి, తన చేత్తో నునుపు చేసి, కూతుర్ని రాత్రి రాత్రికీ అందులో పడుకోబెట్టి, జోకొట్టి... పంటిగాట్లు చూసి మురిసిపోయి... "నన్ను చంపెయ్యి తల్లీ" అన్నాడు. 

"నీకు తెలిసి చేశావా నాన్నా" అంది కూతురు. కోపంగా అని ఉంటే ఆయన తట్టుకునేవాడు. ఆమె అలసిపోయి అంది.

అంతలో పిల్లాడికి ఆకలేసింది. మొదట ఊఁ ఊఁ అన్నాడు, తర్వాత పిడికిళ్లు బిగించి, ముఖం ఎర్రగా చేసుకుని, గుక్కపట్టాడు. కూతురు కదల్లేదు. గోడకు ఆనుకుని కూర్చుని వాణ్ణే చూస్తోంది. ఏడుపు వినబడగానే పాలు వాటంతటవే చేపుకొచ్చి జాకెట్టు ముందంతా తడిసిపోతోంది. డబ్బాపాలు పడదామా అని మేస్త్రి అనబోయాడు. డాక్టర్లు వద్దన్నారే! తల్లిపాలే పట్టమనాలా? ఎలా అంటాడు? వద్దనాలా? అదెలా అంటాడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. భార్య మడతపెట్టే బట్టలు వదిలేసి వచ్చి పిల్లాణ్ణి మేస్త్రి ఒళ్లోంచి తీసుకుంది.

"పట్టవే తల్లీ. వాడికేం తెలుసు? ఆకలొక్కటే తెలుసు" అని కూతురి ఒళ్లో పెట్టింది.

కూతురు కాసేపు వాణ్ణి అలాగే పట్టుకుని, తర్వాత రొమ్ముకి దగ్గరగా తీసుకుంది. ఏడుపు టక్కున ఆగిపోయింది. గదిలో గుటకల చప్పుడొక్కటే మిగిలింది. పిల్లాడు ఒక చేత్తో తల్లి మెడలో గొలుసు పట్టుకుని, కళ్లు సగం మూసుకుని, ఆబగా తాగుతున్నాడు. మధ్యలో ఒకసారి నోరు వదిలి, పెదవి చివర పాలు కారుతుండగా తాత వైపు తిరిగి నవ్వి, మళ్లీ తాగడంలో పడ్డాడు.

కూతురు వాడి తల నిమురుతూ, కళ్లెత్తకుండా అడిగింది.

"ఇప్పుడు నాలోది తగ్గుతోంది కదూ నాన్నా?"